నేనెంచిన బెజ్జం

ఉదయం పదీ నలభైకి కాఫీ మెషిన్‌లో నీళ్ళు పోస్తుంటే తలుపు గంట మోగింది. పొడుగాటి పెద్దమనిషి ఒకాయన, చంకలో గుడ్డ చుట్టిన కర్రతో లోపలికి వచ్చాడు. ఆ రోజు మంగళవారం. మంగళవారం పొద్దున మా షాపుకి పెద్దగా ఎవరూ రారు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక కళ్ళ డాక్టరు దగ్గర, కళ్ళజోళ్ళ విభాగంలో నేను పద్నాలుగేళ్ళు పని చేశాను. లోపలి గదిలో డాక్టరమ్మ కళ్ళు చూసి పవర్ రాసిస్తుంది. బయట నేను ఫ్రేము ఎంచి, కంటిపాప ఎక్కడుందో కొలిచి, అద్దాలు తెప్పించి, ముక్కుకీ చెవులకీ కుదిరేలా వంచి ఇస్తాను. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, మా ఆయన వీసా మీద వచ్చి, ఏడేళ్ళు ఇంట్లో కూర్చున్నాక దొరికిన పని అది. అందుకని నాకు పెద్ద ఉద్యోగమే.

ఈ మధ్య అదే పనిలో చేరిన మనమ్మాయి ఒకతె ఫోన్‌లో అడిగింది. "ఆంటీ, మీరెప్పుడైనా పెద్ద మిస్టేక్ చేశారా?" చేశాను. ఆ అమ్మాయికీ, ఆ అమ్మాయిలాంటి వాళ్ళకీ ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాను.

కార్ల కంపెనీలు కుప్పకూలి మళ్ళీ మెల్లగా లేస్తున్న రోజులవి. ఆ పెద్దాయన కర్రని కౌంటర్ మీద జాగ్రత్తగా పడుకోబెట్టాడు.

"గుడ్ మార్నింగ్, యంగ్ లేడీ," అన్నాడు. నాకప్పుడు యాభై మూడు. "తుపాకులు లోపలికి తేకూడదని తలుపు మీద రాశారు. మంచిదే. అందుకని ఇది చేసుకొచ్చాను."

గుడ్డ విప్పాడు. నున్నగా చిత్రిక పట్టిన మేపుల్ కర్ర. గొట్టం లేదు, ట్రిగ్గర్ లేదు. చెంప ఆనించుకునే చోట చెంపకి సరిపడా పల్లంగా చెక్కాడు. కంటికి దగ్గరగా ఒక ఇనప రింగు. ఆ చివర నిలువుగా ఒక సన్నటి పుల్ల. ఆయన ముప్పై ఏళ్ళు ఒక ఫౌండ్రీలో చెక్క నమూనాలు చేశాట్ట. ఇంజన్ భాగం పోత పోసే ముందు, అచ్చు తీయడానికి ముందుగా దాన్ని చెక్కతో చేసుకునేవారు.

"నా రైఫిల్ మీద కంటికీ ఈ రింగుకీ ఎంత దూరమో, రింగుకీ ఆ పుల్లకీ ఎంత దూరమో, ఇందులోనూ అంతే. వెంట్రుకవాసి తేడా ఉండదు. ఇందులోంచి ఆ పుల్ల నాకు కనబడాలి. ఇప్పుడది బొంతపురుగులా కనబడుతోంది."

డాక్టరమ్మ బయటికి వచ్చి, కర్ర వంకా నా వంకా చూసింది. "దీని గురించి నాకేం తెలీదు. ఫిజిక్స్ నీది," అని, ఆయన కళ్ళు మాత్రం పరీక్ష చేసి ఫైలు నాకిచ్చింది.

తుపాకీ అంటే నాకు భయం. ఇప్పటికీ అంతే. ఇంట్లో చెబితే మా ఆయన కంచం ముందు నుంచి తలెత్తాడు. "తుపాకులవాళ్ళకి కూడా కళ్ళజోళ్ళు చేస్తున్నావా?" అన్నాడు. "కాయితం మీద వలయాలు గీసి కాలుస్తారట, అంతే," అన్నాను. "ఆ సంగతి తుపాకీకి తెలుసా?" అన్నాడు. ఆయన ట్రాయ్‌లో కార్ల బ్రేకుల ఇంజినీరు. ఏ వస్తువు దేన్ని ఆపుతుందన్నదే ఆయన ధ్యాస.

అయినా ఆ వారమంతా చదివాను. అది సెమీ ఆటోమేటిక్ రైఫిల్. ఒకసారి నొక్కితే ఒక తూటా పోతుంది, రెండోది దానంతటదే లోపలికి ఎక్కుతుంది. దూరం దగ్గర చేసే భూతద్దం ఏమీ ఉండదు. వెనక రింగులో చిన్న బిళ్ళ బిగిస్తారు. దాని మధ్యలో బెజ్జం. ఆ బెజ్జం లోంచి చూస్తే చివరన పుల్ల, దాని అవతల రెండు వందల గజాల దూరంలో నల్లటి గుండ్రం. ముసలి కన్ను పుల్లనీ గుండ్రాన్నీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. పుల్ల స్పష్టంగా ఉండాలి, గుండ్రం కాస్త మసకబారినా పరవాలేదు. బెజ్జం ఎంత చిన్నదైతే అన్నీ అంత స్పష్టం. కానీ చిన్నదయ్యేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే ప్రశ్న.

తర్వాతి మంగళవారం ఆయన భార్యతో వచ్చాడు. సన్నటి మనిషి. తలకి నీలం స్కార్ఫ్ కట్టుకుంది. కింద జుట్టు లేదని చూడగానే తెలుస్తుంది. చేతిసంచీలోంచి వారం రోజుల మందుల డబ్బా తీసింది. సోమవారం నుంచి గురువారం దాకా గడుల్లో నాలుగు బిళ్ళలున్నాయి, చిన్న బెజ్జం నుంచి పెద్ద బెజ్జం దాకా వరసగా.

"ఇది పాత డబ్బా. నా మందులకి దీని గడులు చాలట్లేదు," అంది.

ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాను. కర్రని స్టాండు మీద ఆనించాను. ఎదురు గోడ మీద నల్ల కాయితం గుండ్రంగా కత్తిరించి అంటించాను. అద్దాలు మార్చి మార్చి పెడుతూ, ఒక్కో పవర్‌కీ నాలుగు బిళ్ళలూ పెట్టి చూపించాను. గంటన్నర పట్టింది. గురువారం బిళ్ళకి పుల్ల అంచులు ఊగాయి. బుధవారం బిళ్ళ బాగుందన్నాడు. మంగళవారం బిళ్ళ ఇంకా బాగుందన్నాడు. సోమవారం బిళ్ళ పెట్టగానే ఊపిరి బిగబట్టాడు.

"గీత గీసినట్టుంది," అన్నాడు. "పదిహేనేళ్ళయింది ఇలా చూసి. నువ్వైతే ఏది తీసుకుంటావు?"

"సోమవారం."

"ఖాయమేనా?"

"కొలిచి చెబుతున్నాను," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో వినబడ్డ గర్వం నాకింకా గుర్తుంది.

కళ్ళజోడు తయారయ్యాక ఇద్దరూ వచ్చి తీసుకున్నారు. ఆయన కారు తీసుకురావడానికి బయటికి వెళ్ళగానే ఆవిడ కౌంటర్ మీదికి వంగింది.

"అక్టోబరులో మా క్లబ్బులో జోడీ పోటీ ఉంది. ఒకరు కాలుస్తారు. ఒకరు పక్కన కూర్చుని దుర్భిణిలో చూసి తూటా ఎక్కడ తగిలిందో చెబుతారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనే చెబుతున్నాను."

"గెలుస్తారా?" అని అడిగాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"పోయినేడు ఆఖరి నుంచి రెండో వాళ్ళం. గెలవడం కాదు, హనీ. కనబడకపోతే ఆయన తూటా తూటాకీ నాకు సారీ చెబుతాడు. నాకు ఇంకో అక్టోబరు లేదని డాక్టర్లు చెప్పేశారు. మా ఆఖరి పోటీ అనుకోగానే ఆయనకి ఆ సారీలు గుర్తు రాకూడదు."

కారు హారన్ మోగింది. ఆవిడ స్కార్ఫ్ సర్దుకుని వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎండలో ప్రాక్టీస్ బ్రహ్మాండంగా ఉందన్నాడు. పోటీ చూడ్డానికి రమ్మన్నాడు. నేను వెళ్దామంటే మా ఆయన కేలండర్‌లో తారీఖు చూశాడు. తర్వాత, "సరే, డ్రైవ్ చేస్తాను. నీ పనికి నువ్వే పరీక్ష రాస్తానంటే కాదంటానా," అన్నాడు. పొద్దున్నే లేచి పులిహోర తనే కలిపాడు.

ఉత్తరంగా గంటన్నర దూరం. దారి పొడుగునా మబ్బు. వాన లేదు కానీ ఆకాశం కడగని అల్యూమినియం గిన్నెలా ఉంది. మైదానంలో తొమ్మిది జోడీలు. అందరూ చెవులకి మఫ్‌లు పెట్టుకున్నారు, పేలుడు చప్పుడు ఆపి మాటలు మాత్రం విననిచ్చే రకం. మాకూ రెండు ఇచ్చారు. పెద్దాయన చాప మీద బోర్లా పడుకున్నాడు. ఆవిడ పక్కనే మడత కుర్చీలో, ఒళ్ళో దుప్పటి, ముందు మూడు కాళ్ళ స్టాండు మీద దుర్భిణి. టార్గెట్‌ని గడియారంలా అనుకుని ఎన్ని గంటల దగ్గర తగిలిందో చెబుతుంది. మధ్యలో తగిలితే పది పాయింట్లు, బయటికి పోయేకొద్దీ తగ్గుతాయి.

పొద్దున రౌండులో పది తూటాలు.

"ఏడు. ఆరు గంటల దగ్గర," అంది ఆవిడ.

మళ్ళీ పేలింది.

"ఆరు. ఎనిమిది గంటలు."

మూడోది పేలింది. ఆవిడ కొంచెం ఆగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆవిడ పద్ధతి. "తెల్ల కాయితం మీద పడింది. ఐదు."

"సారీ, కిడ్," అన్నాడాయన తల తిప్పకుండానే.

తర్వాత ఒక్కో తూటాకీ నేను టార్గెట్ చూడలేదు, ఆయన పెదాలే చూశాను. పది తూటాలు అయ్యేసరికి నాలుగు సారీలు.

రౌండు అయ్యాక తుపాకులన్నీ ఖాళీ చేయించి, ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి, టార్గెట్లు మార్చడానికి వెళ్ళారు. నేను ఆయన దగ్గరికి వెళ్ళాను.

"లోపల ఎలా కనబడుతోంది?"

"అంతా బానే ఉంది. నువ్వు చేసినదాంట్లో లోపం లేదు."

"నిజం చెప్పండి."

"కాస్త చీకటిగా ఉంది. ఇవాళ నా కళ్ళు బాలేవు. అద్దాలు బానే ఉన్నాయి."

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఒక మాట. కోపిష్టి కస్టమర్ మన తప్పుని అరిచి చెబుతాడు. మంచివాడు ఆ తప్పుని తన మీదే వేసుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. అలా ఎంతమంది వెళ్ళిపోయారో మనకి ఎప్పటికీ తెలీదు.

"ఆ చెక్క కర్ర తెచ్చారా?" అని అడిగాను. కారు డిక్కీలో ఉందన్నాడు. బిళ్ళల డబ్బా కూడా అక్కడే ఉంది, సోమవారం గడిలో అదే సైజు బిళ్ళ ఇంకోటి ఉంది. తెచ్చి, పార్కింగ్ పక్కన గడ్డిలో నేనే బోర్లా పడుకున్నాను. గడ్డి తడిగా ఉంది. మా ఆయన పులిహోర డబ్బా పట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళ సంసారంలో ఇదొక్కటి చూడలేదు," అన్నాడు.

"మాట్లాడకు. ఈ రింగులో బిళ్ళలు ఒక్కోటీ బిగించి ఇవ్వు."

సోమవారం బెజ్జం లోంచి చూశాను. బొగ్గు గదిలోకి తాళం కంత లోంచి చూస్తున్నట్టుంది. నా కళ్ళకే అలా ఉంటే ఆయనకెలా ఉంటుంది? ఆయన కుడి కంట్లో శుక్లం మొదలైందని డాక్టరమ్మ ఫైల్లో రాసింది. ఆపరేషన్ చేయించుకోమంటే, భార్యని ఆసుపత్రికి తిప్పడం అయ్యాక చేయించుకుంటానని వాయిదా వేశాడు. శుక్లం గురించి రాసిన ఆ వాక్యం నేను చదివాను. శుక్లం ఉన్న కంటికి వెలుతురు ఎక్కువ కావాలని నాకు తెలుసు. షాపులో తెల్ల గోడ, నెత్తిన నాలుగు ట్యూబులైట్లు. ఆ వెలుతురులో కొలిచి, మిషిగన్ అక్టోబరుకి పంపించాను. పైగా స్టూలు మీద నిటారుగా కూర్చోబెట్టి కొలిచాను. బోర్లా పడుకుని చెంప ఆనిస్తే కళ్ళజోడు ముక్కు మీద జారుతుంది. ఆయన నేను కొలిచిన చోటు లోంచి కాదు, అద్దం పై అంచు లోంచి చూస్తున్నాడు. మనిషి ఎలా పడుకుంటాడో నేను అడగనే లేదు.

లేచి, మోకాళ్ళ తడి దులుపుకోకుండానే వాళ్ళిద్దరి దగ్గరికి వెళ్ళాను.

"తప్పు నాది. మీ కళ్ళది కాదు," అన్నాను.

"నువ్వు కొలిచావు కదా, యంగ్ లేడీ."

"కొలిచాను. తప్పు చోట కొలిచాను."

ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ మనిషి ముందు తప్పు ఒప్పుకున్నది నువ్వొక్కదానివే. నేనైతే ఎప్పుడూ ఒప్పుకోలేదు," అంది.

"నాకు తెలుసులే," అన్నాడాయన.

గడ్డి మీద ఆయన్నే పడుకోబెట్టాను. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ చిన్న పటకారు ఉంటుంది. దాంతో ముక్కు మీద ఆనే ప్యాడ్లు దగ్గరికి వంచి, ఫ్రేము పైకి లేచేలా చేశాను. బిళ్ళలు మళ్ళీ మొదటి నుంచి చూపించాను. ఈసారి ఏది స్పష్టంగా ఉందని అడగలేదు. "దేంతో అయితే ఇరవై నిమిషాలు చూస్తూ ఉండగలరు?" అని అడిగాను. గురువారం బిళ్ళతో పుల్ల చెదిరింది. బుధవారం దగ్గర ఆయన భుజాలు దిగాయి. అప్పటిదాకా అవి పైకి లేచి ఉన్నాయని కూడా నేను గమనించలేదు.

"బుధవారం," అన్నాడు. "ఖాయమేనా?"

"కాదు. పోయినసారి ఖాయమన్నాను."

ఆయన గట్టిగా నవ్వాడు. తుపాకులు ముట్టుకోవచ్చని చెప్పాక వెళ్ళి బిళ్ళ మార్చుకున్నాడు. మధ్యలో మా ఆయన అందరికీ పులిహోర పెట్టాడు. ఆవిడ రెండు వేరుశెనగ పలుకులు ఏరుకుని చప్పరించింది. పెద్దాయన రెండోసారి పెట్టించుకుని, పచ్చిమిరపకాయ కొరికి, కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. "ఇప్పుడు కడిగినట్టయింది కళ్ళు," అన్నాడు మా ఆయన. వాళ్ళిద్దరూ ఆ తర్వాత బ్రేకుల గురించి మాట్లాడుకున్నారు.

మధ్యాహ్నం రౌండు ఇరవై తూటాలు. ఇరవై నిమిషాలు టైము.

"ఎనిమిది. రెండు గంటలు."

ఆయన రింగు పక్కన గురి సరిచేసే మర కొంచెం తిప్పాడు.

"తొమ్మిది. ఒంటి గంట."

ఇంకాస్త తిప్పాడు.

"పది."

నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన విడిపించుకోలేదు.

"పది. తొమ్మిది, మూడు గంటలు. పది." ఆవిడ గొంతు సన్నగా, ఒకే స్థాయిలో సాగింది. తూటాకీ తూటాకీ మధ్య ఆయన ఊపిరి పీల్చి వదలడం కనబడుతోంది. సారీ అనలేదు. ఒక్కసారీ అనలేదు.

పదిహేనో తూటా తర్వాత ఆవిడకి దగ్గు వచ్చింది. చిన్నగా మొదలై పెద్దదైంది. దుర్భిణి మీద నుంచి పక్కకి వంగిపోయింది. నేను నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళబోతే చేత్తో ఆగమంది. ఆయన కదల్లేదు. కన్ను బెజ్జం దగ్గరే ఉంది, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేశాడు. అలాగే పడుకుని ఉన్నాడు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. రెండు పక్కలా మిగతావాళ్ళ తుపాకులు పేలుతూనే ఉన్నాయి.

ఆవిడ నోరు తుడుచుకుని దుర్భిణిలోకి చూసింది. "పది," అంది. అది పదిహేనో తూటా ఫలితం. అప్పుడు ఆయన పదహారోది కాల్చాడు.

పదిహేడు, పద్దెనిమిది అయ్యాయి. మళ్ళీ దగ్గు. మళ్ళీ ఆయన ఆగాడు. ఈసారి టైము అయిపోయిందని విజిల్ వేశారు.

ఆయన తుపాకీ ఖాళీ చేసి, మిగిలిన రెండు తూటాలూ చాప మీద పక్కపక్కన పెట్టాడు. ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది.

"ముసలాడా! నీకు కనబడుతోంది కదా! ఎందుకు కాల్చలేదు?"

"నువ్వింకా చెప్పలేదు," అన్నాడు.

ఆయన లేచి, ఆవిడ ఒళ్ళో జారిపోయిన దుప్పటి సర్దాడు.

తొమ్మిదింటిలో ఆరో స్థానం వచ్చింది. తిరుగు ప్రయాణంలో కూడా మా ఆయనే డ్రైవ్ చేశాడు. ఇంటికి దగ్గరయ్యాక, "ఆ రెండూ కాల్చి ఉంటే ఐదో స్థానం వచ్చేదేమో," అన్నాడు. ఆయన అడుగుతున్నది స్థానం గురించి కాదని, ఆ పెద్దాయన ఎందుకు ఆగాడనేనని నాకు తెలుసు. "ఏమో," అన్నాను.

డిసెంబరులో మొదటి పెద్ద మంచు పడిన వారం ఆవిడ పోయింది. ఆయన మార్చిలో షాపుకి వచ్చాడు, శుక్లం ఆపరేషన్‌కి డాక్టరమ్మతో మాట్లాడ్డానికి. నా కౌంటర్ దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆయనే అన్నాడు:

"ఆ రోజు నేనెన్ని సారీలు చెప్పానో ఆసుపత్రిలో ఆవిడ లెక్క చెప్పింది. నాలుగు. అన్నీ పొద్దునవే, మధ్యాహ్నం ఒక్కటీ లేదు అంది. ఆ మధ్యాహ్నం గురించే మాట్లాడుతూ ఉండేది."

నేను కూడా నాలుగు లెక్కపెట్టానని చెప్పలేదు. కళ్ళజోడు ఇలా ఇవ్వండి, ప్యాడ్లు సరిచేస్తానన్నాను. సరిచేయాల్సినదేమీ లేదు. అయినా చేసిచ్చాను.

ఆ తర్వాత నేను ఎవరికి కొలిచినా ముందు రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. ఏ వెలుతురులో చూస్తారు? చూసేటప్పుడు మీ ఒళ్ళు ఎలా ఉంటుంది? సింకు కింద దూరే ప్లంబర్‌ని షాపు కార్పెట్ మీద వెల్లకిలా పడుకోబెట్టాను. పిల్లల దగ్గరికి వచ్చి ఆర్నెల్లు ఉన్న ఒక మేష్టారు దివాను మీద పక్కకి తిరిగి పేపరు చదువుతారని తెలిసి, రెండు కుర్చీలు కలిపి పడుకోమన్నాను. "ఇదేం పరీక్షమ్మా," అంటూనే పడుకున్నారు. లైట్లు ఆర్పేసి కొలుస్తుంటే డాక్టరమ్మ చూసీ చూడనట్టు వెళ్ళిపోయేది. ఆ ఒక్క తప్పు చేయకపోతే ఇవేవీ నాకు తోచేవి కావు. అంత మాత్రాన అది మంచి తప్పు అని అనను. ఆ పొద్దున పది తూటాలు వాళ్ళకి తిరిగి రాలేదు.

పెద్దాయన కూడా ఇప్పుడు లేడు. మా ఆయన పోయి మూడేళ్ళు. రోజూ ఎన్నో మాటలు నోటిదాకా వచ్చి ఆగుతాయి. అవతల ఎవరో ముందు ఏదో చెప్పాలన్నట్టు కాసేపు చూస్తాను. అప్పుడు ఆ పెద్దాయన చాప మీద ఎందుకలా పడుకుని ఉన్నాడో నాకు తెలుస్తుంది.

రిటైరయ్యాక ఒక అక్టోబరులో ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుని ఆ మైదానానికి వెళ్ళాను. పోటీ జరుగుతోంది. బెజ్జాలు లేవు, అందరి తుపాకుల మీదా భూతద్దాలే. ప్రతి చాప పక్కనా చిన్న తెర పెట్టారు. తూటా పేలిన మరుక్షణం ఎక్కడ తగిలిందో దాని మీద చుక్క పడుతుంది. కాల్చినవాళ్ళే తల తిప్పి చూసుకుంటున్నారు. మడత కుర్చీలు లేవు. జోడీ పోటీ ఎప్పుడని ఒకాయన్ని అడిగాను. తీసేశామన్నాడు.

అక్కడ ఇప్పుడు తూటా ఎక్కడ తగిలిందో ఎవరూ ఎవరికీ చెప్పరు.